పుష్యమాసంలో పచ్చగా ఉన్న ఫెర్నులు: కోనసీమలో పేరు పట్టడం ఎలా

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్తాను, మిగతావాళ్లకూ సంగతి తెలియాలి కదా. అమెరికాలో ఉన్న మీ అమ్మాయి అక్కడి చలికాలపు ఫెర్నులను గుర్తుపట్టే చిన్న చేతిపుస్తకం ఒకటి పంపింది. అది పట్టుకుని మీరు సంక్రాంతికి కోనసీమలోని మీ ఊరి చుట్టూ తిరిగారు. లాకుల గోడ మీద ఒకటి, కొబ్బరితోట బోదె వార ఒకటి, వాడకంలో లేని పాత నూతి లోపల ఒకటి, దాళ్వా (రబీ వరి) నారుమడి పక్క నిలవనీటిలో ఒకటి, పుంత కంచె మీద పాకుతూ ఒకటి కనిపించాయి. ఐదు ఫొటోలూ పెట్టి, "జనవరిలో ఇంత పచ్చగా ఉన్నాయంటే ఇవన్నీ సతతహరితాలేనా? పుస్తకంలో ఏ బొమ్మతోనూ కలవడం లేదేం?" అని అడిగారు.

కలవవండి. పుస్తకంలో లోపం లేదు, అది పుట్టిన నేల వేరు. అమెరికా తూర్పు రాష్ట్రాల అడవుల్లో చలికాలం వస్తే నేల గడ్డకడుతుంది. అక్కడి ఫెర్నుల్లో చాలావాటికి మొదటి గడ్డమంచుకే ఆకులు నల్లబడి వాలిపోతాయి, ప్రాణం నేలకింద పసుపుకొమ్ములా ఉండే కాండంలో, అంటే కొమ్ములో దాక్కుంటుంది. ఆకు నిలబెట్టుకునేవి కొన్నే. అందుకే అక్కడ "ఇప్పుడు పచ్చగా ఉందా?" అన్న ఒక్క ప్రశ్నతో సగం పని తీరిపోతుంది. మిగిలిన కాసిన్నిటినీ విడదీయడం పెద్ద కష్టం కాదు. క్రిస్మస్ ఫెర్న్ అని పిలిచే పాలిస్టికమ్ యాక్రోస్టికాయిడిస్‌కు ప్రతి పత్రకం (ఆకు కాడకు అటూ ఇటూ ఉండే రెక్క) మొదట్లో పైవైపు చిన్న చెవి పొడుచుకొచ్చి ఉంటుంది, సిద్ధబీజాలు (విత్తనాలకు బదులు ఫెర్ను రాల్చే సన్నని పొడి) మోసే పత్రకాలు ఆకు కొసన కురచబడి కనిపిస్తాయి. డ్రయాప్టెరిస్ మార్జినాలిస్‌కు ఆకు వెనక ఉండే సిద్ధబీజాల చుక్కలన్నీ అంచునే వరస కడతాయి. బండల మీద పెరిగే పాలిపోడియమ్‌కు చుక్కలు పెద్దవి, గుండ్రనివి, వాటి మీద ఏ పొరా ఉండదు. ఎండిపోయినవి కూడా అక్కడ ఆనవాలే. ఆనొక్లియా సెన్సిబిలిస్ ఆకులు మొదటి చలికే పోతాయి గాని, దాని సిద్ధబీజాల కాడలు గోధుమరంగు పూసలు గుచ్చినట్టు మంచులోనూ నిటారుగా నిలబడి ఉంటాయి. మీ అమ్మాయి ఉండేది ఆ తూర్పు వైపే అయితే ఇంటి దగ్గరి అడవిలో ఇవన్నీ దొరకొచ్చు, ఆమెకు ఆ పుస్తకం బాగా పనికొస్తుంది. మన డెల్టాలో వీటిలో ఒక్కటీ లేదు.

మనకు తెల్లవారుజామున ఎంత వణుకు పుట్టినా నీళ్లు గడ్డకట్టే చలి దరిదాపుల్లోకి కూడా రాదు. ఇక్కడ ఫెర్ను ఆకును చంపేది ఎండుదనం. అక్టోబరు, నవంబరు వానలు నేలను నానబెట్టి వెళ్తాయి. దాళ్వా కోసం కాలువల్లో నీళ్లు పారుతుంటాయి. పొద్దున్నే గడ్డి మీద, గోడల మీద మంచు తడి. ఇన్ని ఉన్నాక జనవరిలో ఏ ఫెర్ను మాత్రం ఎందుకు వాడుతుంది? రబీ కోతలు అయ్యాక కాలువలు కట్టేస్తారు, బోదెలు బీటలు వారతాయి, ఆ పైన రోహిణి కార్తె. ఆ ఎండల్లో పచ్చగా మిగిలిందే మన దగ్గర సతతహరితం. అదీ జాతిని బట్టి మాత్రమే కాదు, చోటును బట్టి కూడా. నీటి ఊట ఉన్న నూతి గోడలో ఏడాదంతా పచ్చగా ఉండే మొక్కే, పడమటి ఎండ తగిలే ప్రహరీ మీద మే నెలలో మాడిపోయి, తొలకరికి మళ్లీ మొదట్నించి చిగురిస్తుంది.

కాబట్టి జనవరి పచ్చదనాన్ని చూసి పేరు పెట్టొద్దు. కానీ జనవరిని వదులుకోవద్దు కూడా. వానాకాలంలో పుట్టిన ఆకులు ఇప్పటికి ముదిరి ఉంటాయి, వెనకవైపు సిద్ధబీజాలు పండి ఉంటాయి. ఫెర్నుకు పువ్వు లేదు, కాయ లేదు, పేరు చెప్పేది ఆకు వెనకభాగమే. మీరు పెట్టిన ఐదు ఫొటోల్లో నాలుగు ఆకు ముందువైపే తీశారు, అందం కోసం. పేరు కోసమైతే తిప్పి తీయాలి. ఇప్పుడు పేర్లు పట్టి రాసుకోండి. సతతహరితమా కాదా అన్న లెక్క మే చివర అవే చోట్లకు మళ్లీ వెళ్లి తేల్చుకోండి.

తిప్పి చూసినప్పుడు ఏం చూడాలంటే, ముందు ఆ గోధుమరంగు గుంపులు. వాటిని సోరస్‌లు అంటారు. అవి అంచున ఉన్నాయా, మధ్య ఈనెకు దగ్గరా, గుండ్రంగా ఉన్నాయా, గీతలా సాగాయా, లేక వెనకభాగమంతా పూత పూసినట్టు కమ్మేశాయా? వాటి మీద పల్చని పొర కప్పి ఉందా? ఉంటే అది మూత్రపిండం ఆకారమా, లేక ఆకు అంచే మడిచి మూతలా పెట్టిందా? రెండోది ఈనెలు. ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి, ఈనెలు విడివిడిగా అంచుకు పోతున్నాయా, ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా తెలుస్తుంది. మూడోది కాడ అడుగు. మట్టి కాస్త పక్కకు తోసి చూస్తే పొలుసులో, నూగో కనిపిస్తుంది, కొమ్ము పాకుతోందా ఒకేచోట కుదురుగా ఉందా తెలుస్తుంది. పీకనక్కర్లేదు. పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఫోన్ యాప్‌లను నమ్ముకుని అడుగుతున్నవాళ్లు ఈమధ్య చాలామంది, అవి మన బోదెల్లో మొక్కలకు కూడా చలిదేశాల పేర్లు చెప్పడం తరచూ చూస్తున్నాను. ముందువైపు ఫొటో మాత్రమే ఇస్తే అవైనా ఏం చేస్తాయి?

ఇక మీ లాకుల గోడ మొక్క. ఇది ఫొటోలోనే తేలిపోయింది, టెరిస్ విట్టాటా. పొడవాటి రిబ్బను ముక్కల్లాంటి పత్రకాలు, కొసన అన్నిటికంటే పొడుగ్గా ఒంటి పత్రకం, కిందికి వచ్చేకొద్దీ జతలు కురచబడుతూ కాడ మొదట్లో చిన్న తునకలుగా మిగలడం దీని ముద్ర. వెనక్కి తిప్పండి, పత్రకం రెండు అంచుల పొడవునా గోధుమరంగు గీత కనిపిస్తుంది. అంచే కొద్దిగా లోపలికి మడతపడి దాన్ని కప్పుతుంది. గీత లేని కొసభాగంలో మాత్రం సన్నని రంపపు పళ్లుంటాయి. కాడ అడుగున లేత గోధుమరంగు పొలుసులు దట్టంగా ఉంటాయి.

ఇది సున్నం ఉన్నచోటు వెతుక్కుని మరీ పెరుగుతుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని వెంటే డెల్టా అంతటా కాలువలు, వాటి మీద పడవలు ఎక్కించి దించే లాకులు వచ్చాయి. ఆ కాలపు కట్టుబడి గానుగ సున్నంతో. సున్నం మెల్లగా కరుగుతూ ఉండే ఆ సందుల్లో, నీటి తడి అందేంత ఎత్తులో ఈ ఫెర్ను వరసగా కనిపిస్తుంది. పాత గుడి ప్రాకారాల మీద, కూలుతున్న ఇళ్ల గోడల మీద, నీళ్ల ట్యాంకు కారే చోట సిమెంటు మీద కూడా వస్తుంది. మీ ఐదింటిలో సతతహరితం అని కొంచెం ధైర్యంగా చెప్పగలిగింది ఇదే. అయినా లాకు ఎండిపోయే మే నెలలో గోడ పైభాగంలో ఉన్నవి మాడతాయి, నీటి మట్టానికి దగ్గరగా ఉన్నవి నిలుస్తాయి. ఒకే గోడ మీద రెండూ చూడొచ్చు.

దీని గురించి ఇంకో సంగతి తప్పక తెలియాలి. ఈ మొక్క నేలలో ఉన్న ఆర్సెనిక్ విషాన్ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది, తాను మాత్రం చక్కగా బతుకుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో, కలపకు పురుగుపట్టని మందు పట్టించే చోట పాడైన నేలలో పెరుగుతున్న మొక్కల్లో ఈ గుణాన్ని కనిపెట్టి 2001లో ప్రకటించారు. అప్పటినుంచి విషపు నేలలను శుభ్రం చేయడానికి దీన్ని నాటి చూస్తున్నారు. మీ లాకు గోడలో ఆర్సెనిక్ ఉందని కాదు నా మాట. గోడల మీది ఫెర్ను లేతకాడల్ని కూర వండుకుంటామని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అడుగుతుంటారు, ఈశాన్య రాష్ట్రాల్లో ఫెర్ను కూర తింటారని వీడియోల్లో చూసి. వాళ్లు తినేది వేరే జాతి, డిప్లేజియమ్ ఎస్కులెంటమ్. గోడమీదిది పొయ్యి ఎక్కించకండి.

బోదె వార మొక్క దగ్గరే చాలామంది తడబడతారు, ఎందుకంటే డెల్టాలో మామూలుగా "ఫెర్న్" అనగానే కళ్ల ముందుకు వచ్చే రూపం అదే: మోకాలెత్తు, ఆకుకు రెండు వైపులా పత్రకాలు, ఒక్కో పత్రకం మళ్లీ సగం దాకా తమ్మెలుగా చీలి ఉండటం. ఇలాంటి పోలికతో ఒకటి కాదు, దగ్గరి చుట్టాలు చాలా ఉన్నాయి. మీ ఫొటోలో పైభాగమే ఉంది కాబట్టి ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకే చెప్తాను: క్రిస్టెల్లా. మీకు దొరికే ఆధారం ఈనెల్లో ఉంది. ఒక పత్రకాన్ని ఎండకు పట్టుకుని పక్కపక్కన ఉన్న రెండు తమ్మెల మధ్య పల్లాన్ని చూడండి. రెండు తమ్మెల అడుగు ఈనెలూ వంగి కలుసుకుని, కలిసిన చోటి నుంచి ఒకే ఈనె బయలుదేరి ఆ పల్లం దాకా పోతుంది. ఇది కనిపించిందంటే మీరు ఉన్నది ఈ కుటుంబంలోనే. వేలితో నిమిరితే ఆకంతా సన్నని నూగు తగులుతుంది. చుక్కలు గుండ్రం, పైన మూత్రపిండం ఆకారపు పొర, దాని మీద కూడా నూగే.

అక్కడి నుంచి జాతికి వెళ్లాలంటే ఆకు అడుగు జతలు చూడాలి. కింది పత్రకాలు కొన్ని జతలు క్రమంగా చిన్నవైపోతూ వస్తే క్రిస్టెల్లా డెంటాటా. కిందివి కూడా దాదాపు పైవాటంతే ఉండి, భూతద్దంలో వెనకవైపు ఈనెల మీద నారింజరంగు చిన్న గ్రంథులు మెరిస్తే క్రిస్టెల్లా పరాసిటికా. పేరులో పరాన్నజీవి ధ్వనించినా ఇది దేన్నీ పీల్చి బతకదు, అది పాతకాలపు నామకరణం. రెండూ తడి ఉన్నంతకాలం పచ్చగా ఉంటాయి. కొబ్బరితోటకు వేసవిలో కూడా తడి పెట్టేవాళ్ల బోదెల్లో ఏడాదంతా కనిపిస్తాయి, తడి ఆపేస్తే ఆకులు పోయి కొమ్ము మిగులుతుంది. ఇక్కడ సతతహరితం అన్న మాట మొక్కకు కాదు, రైతుకు చెందుతుంది అనుకోండి.

అదే గట్టు మీద ఆకులు నేలబారుగా బారెడేసి పొడుగు సాగి, పత్రకాల మొదట్లో పిల్లమొక్కలు మొలుస్తూ, చుక్కల మీద ఏ పొరా లేకుండా ఉన్నది కనిపిస్తే అది యాంపెలోప్టెరిస్ ప్రొలిఫెరా. ఏటి ఒడ్డు తడి ఇసుక, కాలువగట్ల వాలు దానికి ఇష్టం. గట్ల మీద గుబుర్లలో చేతులు పెట్టేటప్పుడు మాత్రం కర్రతో ముందు కదిపి చూడండి, రక్తపింజరలకు చలికాలపు పొద్దుటెండ ఇష్టం.

నూతి లోపలిది ఏడియాంటమ్. నల్లగా, నిగనిగలాడే తీగలాంటి కాడ చూస్తేనే చెప్పేయొచ్చు. నీళ్లు చల్లితే ఆకు తడవదు, చుక్కలు జారిపోతాయి. ఈ ప్రజాతిలో కూడా ఆకు అంచే చిన్న రెప్పలా మడతపడి సిద్ధబీజాలను కప్పుతుంది, కాకపోతే సిద్ధబీజాశయాలు ఆ రెప్ప లోపలి వైపునే అంటుకుని ఉంటాయి. మన వైపు రెండిట్లో ఏదో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ. ఆకు రెండు మూడుసార్లు చీలి, చిట్టి పత్రకాలు విసనకర్ర ఆకారంలో, పైఅంచు చీలికలుగా, ఒక్కో చీలికకు ఒక్కో పొట్టి రెప్ప ఉంటే అది ఏడియాంటమ్ క్యాపిల్లస్ వెనెరిస్. ఆకు ఒక్కసారే చీలి, పత్రకాలు అర్ధచంద్రాకారంలో, సన్నని తొడిమలతో వరసగా ఉండి, కాడ కొస నేలను తాకినచోట కొత్త మొక్క లేస్తే అది ఏడియాంటమ్ ఫిలిపెన్స్. ఆయుర్వేదం వాళ్లు హంసపాది అనేది దీన్నే.

ఈ రెండిటికీ చలికాలంలో తేడా బాగా తెలుస్తుంది. హంసపాది వానల మొక్క. మామూలు గట్ల మీద వానలు వెనకబట్టాక పసుపుబారి, పుష్యమాసానికి చాలావరకు ఎండిపోతుంది, మళ్లీ తొలకరికి లేస్తుంది. క్యాపిల్లస్ వెనెరిస్ ఊట తగులుతున్నంత కాలం ఆకు విడవదు. మీ నూతి మొక్క ఇప్పుడు లేతచిగుళ్లు కూడా వేస్తోంది, పత్రకాలు విసనకర్రల్లా ఉన్నాయి, కాబట్టి క్యాపిల్లస్ వెనెరిస్ అనే నా మొగ్గు. ఖాయం చేసుకోవాలంటే ఒక ఆకు వెనకవైపు కావాలి. దానికోసం నూతి వరల మీద కాలు పెట్టొద్దు. కొబ్బరికాయలు దింపే దోటికి ఫోన్ కట్టి వీడియో తీసినా చాలు. వాడకం లేని నూతుల్లో గాలి కూడా మంచిది కాదు.

నారుమడి పక్కది చూసి మీరు కొత్తిమీరలా ఉందన్నారు. అది సెరాటోప్టెరిస్ థాలిక్ట్రాయిడిస్. ఈ ప్రశ్నంతటికీ అసలు జవాబు ఈ మొక్కలో ఉంది: జనవరిలో మీ ఐదింటిలో అన్నిటికంటే పచ్చగా నవనవలాడుతున్నది ఇదే, సతతహరితం కానిదీ ఇదే. ఏడాది మొక్క. నీళ్లున్నప్పుడు మొలిచి, సిద్ధబీజాలు రాల్చి, మడి ఎండగానే చచ్చిపోతుంది. అమెరికా పుస్తకం ప్రశ్నతో మొదలుపెడితే దీన్ని మొదటి స్థానంలో పెట్టాల్సి వస్తుంది.

దీనికి రెండు రకాల ఆకులు. మెత్తగా, వెడల్పు తమ్మెలతో నీటిమీద పరుచుకునేవి సిద్ధబీజాలు లేని గొడ్డు ఆకులు. వాటి మధ్య నుంచి పైకి లేచి, జింకకొమ్ముల్లా సన్నగా చీలినవి సిద్ధబీజాల ఆకులు. వాటి అంచులు పూర్తిగా వెనక్కి చుట్టుకుపోతాయి కాబట్టి తిప్పి చూసినా చుక్కలు కనపడవు. ఆ చుట్టను గోటితో విప్పితే లోపల గుండ్రటి సిద్ధబీజాశయాలు విడివిడిగా ఉంటాయి. పాత ఆకుల మీద మొగ్గలు లేచి పిల్లమొక్కలు అవుతాయి. దాళ్వాలో కలుపు తీసేవాళ్లు దీన్ని రోజూ చూసే ఉంటారు.

అదే నీళ్లలో, మీరు ఫొటో మూలలో గమనించకుండా తీసిన ఇంకొకటి ఉంది. నాలుగు పత్రకాలు ఒకే కాడ కొసన కూడినది. అది మార్సీలియా. అదీ ఫెర్నే అంటే చాలామంది నమ్మరు. లేత ఆకును చూడండి, మిగతా ఫెర్నులకు లాగే సుడి చుట్టుకుని పైకి లేస్తుంది. దొడ్లో కుండీల్లో వచ్చే పులిచింతతో దీన్ని కలిపేస్తుంటారు. పులిచింతకు పత్రకాలు మూడే, కొసన నొక్కు ఉండి గుండె ఆకారంలో ఉంటాయి, పసుపు పువ్వు పూస్తుంది, నమిలితే పులుపు. మార్సీలియాకు పువ్వు ఉండదు. కాడ మొదట్లో చిక్కుడుగింజ ఆకారంలో, మిరియం కంటే చిన్నవైన గట్టి గుళికలుంటాయి. సిద్ధబీజాలన్నీ వాటి లోపలే. నీరు తగ్గే రోజుల్లోనే ఈ గుళికలు ఎక్కువ, అంటే సంక్రాంతి దాటాక వెతకడం మేలు. మడి బీటలు వారాక ఆకులన్నీ మాయమవుతాయి, గుళికలు మట్టిలో ఏళ్ల తరబడి ఎండి ఉండి కూడా నీళ్లు తగలగానే మేలుకుంటాయి.

నీటిమీద తేలేవాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. అజొల్లా ఇప్పుడు ఎర్రబడి కనిపిస్తుంది. పశువుల మేతకు టార్పాలిన్ గుంటల్లో పెంచేవాళ్లు తెగులేమో అని కంగారుపడతారు. చలికి, భాస్వరం చాలకపోతే, మరీ ఎండ తగిలినా దానికి అలా రంగు మారుతుంది. అందుకే జనవరిలో "పచ్చగా ఉంది" అన్న గుర్తు పట్టుకుని పోతే అజొల్లా మీ లెక్కలోంచి జారిపోతుంది. సాల్వీనియా వేరు: తేలే ఆకులు జతగా, మధ్యలో మడతతో ఉంటాయి, పైన నీటిని నిలవనివ్వని నూగు, కింద వేలాడుతూ వేళ్లలా కనిపించేది నిజానికి చీలిపోయిన మూడో ఆకు. నూగు వెంట్రుకల కొసలు విడిపోయి మళ్లీ కలిసి చిన్న పంజరంలా ఉంటే అది సాల్వీనియా మోలెస్టా, బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన కలుపు, సిద్ధబీజాలు పనిచేయవు గాని ముక్కలుగా తెగి చెరువును కప్పేయగలదు. గుర్రపుడెక్క, అంతరతామర ఫెర్నులు కావు, వాటికి పువ్వులున్నాయి.

కంచె మీద పాకేది లైగోడియమ్. తీగ అనుకుంటాం గాని, నేలనుంచి కంచె కొస దాకా పాకిన ఆ మొత్తం ఒకే ఒక్క ఆకు. దాని నడిమి కాడ పెరుగుతూనే ఉంటుంది, పట్టు దొరికినచోట చుట్టుకుంటుంది. అసలు కాండం మట్టిలో ఉంటుంది. కిందిభాగంలో పత్రకాలు వెడల్పుగా, నున్నగా ఉంటాయి. పైన వెలుగు తగిలేచోట పత్రకాల అంచుకు కుచ్చులా సన్నని తునకలు వేలాడుతుంటే అవే సిద్ధబీజాల తమ్మెలు. జనవరిలో అవి బాగా కనిపిస్తాయి. ఎండాకాలంలో పైభాగం ఎండి తాళ్లలా కంచెకు చుట్టుకుని ఉంటుంది, చచ్చిందనుకుని పీకేస్తారు. అడుగున కొమ్ము బతికే ఉంటుంది.

మీరు అడగలేదు గాని కోరింగ వైపు వెళ్తే ఇంకొకటి గుర్తుంచుకోండి. ఉప్పునీటి ఆటుపోట్లు తగిలే మడ అడవి అంచున, మనిషెత్తుకు పెరిగే తోలులాంటి ఆకుల ఫెర్ను ఎదురైతే అది యాక్రోస్టికమ్. ఆ ఉప్పును తట్టుకుని అంత ఎత్తు ఎదిగే ఫెర్ను మన వైపు ఇంకొకటి లేదు. ఆకు పైభాగపు పత్రకాల వెనక చుక్కలు విడిగా ఉండవు, మొత్తం తుప్పురంగు ముఖమల్ పూసినట్టుంటుంది. ఈనెలు వలలా అల్లుకుని ఉంటాయి. దాని పచ్చదనానికి కార్తెలతో పని లేదు. కోరింగ 1978 నుంచి అభయారణ్యం, ఆకు కూడా తెంపకూడదు, ఫొటో చాలు.

గోదావరి పైకి పోయి పాపికొండలు, మారేడుమిల్లి దారిలో చెట్ల కొమ్మల మీద ఎండిన ఆకుల బుట్టలా కనిపించే డ్రైనేరియా మీ పుస్తకం ప్రశ్నను ఇంకోలా తలకిందులు చేస్తుంది. దానికి చెట్టును పట్టుకుని ఉండే పొట్టి గూటి ఆకులు ఎప్పుడూ గోధుమరంగే. రాలిన చెత్తను ఆపి ఎరువు చేసుకోవడం వాటి పని. పొడవాటి పచ్చ ఆకులు పొడికాలంలో రాలిపోతాయి. గోధుమరంగులో ఉంది కాబట్టి చచ్చింది అనుకుంటే పొరపాటు.

నర్సరీ మొక్కల గురించి రెండు మాటలు, ఎందుకంటే కడియం నుంచి తెచ్చుకున్న కుండీల మీదే నాకు ఎక్కువ ప్రశ్నలు వస్తాయి. అక్కడ ఫెర్న్ పేరుతో అమ్మేవాటిలో నిజమైన ఫెర్నుల్లో ఒకటి నెఫ్రోలెపిస్, బోస్టన్ ఫెర్న్ దాని రకమే. పత్రకాలు కాడకు కీలుతో అతికినట్టుంటాయి, ముదిరాక ఒక్కొక్కటే ఊడి కాడ బోడిగా మిగులుతుంది. గోడమీది టెరిస్‌కు అలా ఊడవు, చుక్కలకు బదులు అంచు గీత ఉంటుంది. పూలబొకేల్లో పెట్టే పొగలాంటి సన్నని "ఫెర్న్" ఫెర్ను కాదు, మన పిల్లితేగల చుట్టం. ముళ్లుంటాయి, తెల్లని పువ్వు, చిన్న కాయ కాస్తుంది. సైకస్ లేత పత్రకాలు సుడి చుట్టుకుని ఉండటం చూసి దాన్నీ ఫెర్నులో కలుపుతారు, దానికి విత్తనం ఉంది. ఆకు కింద వరసగా గుండ్రటి కాయలు వేలాడే నేలఉసిరి ఫొటో పంపి "ఇవి సిద్ధబీజాలా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు.

ఇంకా ఖరీదైన పొరపాటు ఇది: నెఫ్రోలెపిస్ ఆకు వెనక చుక్కలు చూసి పురుగు పట్టిందని మందు కొట్టడం. తేడా సులువు. సోరస్‌లు ప్రతి పత్రకంలో ఒకే దూరంలో, ఒకే వరసలో ఉంటాయి. పొలుసు పురుగులు ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, ముందువైపు, కాడ మీద కూడా. గోరుతో గీకితే పురుగు ఒక్క బిళ్లగా లేచి వస్తుంది, కింద ఆకు శుభ్రంగా ఉంటుంది, తరచుగా జిగట కూడా. సోరస్ అయితే పొడిలా రాలుతుంది.

ఆ పొడి మీద ఇంకా అనుమానం ఉంటే సిద్ధబీజాల అచ్చు తీయండి. ముదిరినా ఇంకా నల్లగా, బోడిగా అయిపోని ఆకు ముక్కను వెనకవైపు కిందికి వచ్చేలా తెల్లకాగితం మీద పెట్టి, మీద ఇంకో కాగితం కప్పి, గాలి తగలని గదిలో రాత్రంతా వదిలేయండి. ఆకు ఆరేకొద్దీ ఒక్కో సిద్ధబీజాశయం చుట్టూ ఉన్న మందపు కణాల పట్టీ నీరు కోల్పోయి వెనక్కి వంగుతుంది, లోపలి బిగువు ఒక్కసారిగా తెగి వడిగా ముందుకు కొడుతుంది, సిద్ధబీజాలు ఎగిరి పడతాయి. పొద్దునకు పత్రకాల ఆకారంలోనే కాగితం మీద పొడి గీతలు ఉంటాయి. మంచు కురిసే రోజుల్లో గది చెమ్మగా ఉంటే పని నిదానం, ఇంకో పూట ఆగాలి. టెరిస్‌కు అంచుల వెంట జంట గీతలు, క్రిస్టెల్లాకు చుక్కల వరసలు వస్తాయి. ఆ కాగితాన్ని తేదీ, చోటు రాసి మడతపెట్టి దాచుకుంటే మే నెలలో మళ్లీ వెళ్లినప్పుడు మీరు చూస్తున్నది అదే మొక్కా కాదా అన్న వాదన ఉండదు.

ప్రస్తుతానికి మీ జాబితా ఇది: లాకు గోడది టెరిస్ విట్టాటా, ఖాయం. బోదెది క్రిస్టెల్లా, జాతి కోసం ఆకు అడుగు జతలు, వెనకవైపు ఫొటో పెట్టండి. నూతిది ఏడియాంటమ్ క్యాపిల్లస్ వెనెరిస్ అని మొగ్గు. నారుమడిది సెరాటోప్టెరిస్, దాని పక్కన మార్సీలియా. కంచెది లైగోడియమ్, దానికి పైకొసన కుచ్చులున్న పత్రకం ఒకటి, కింది వెడల్పు పత్రకం ఒకటి పక్కపక్కన పెట్టి, పక్కన స్కేలు ఉంచి తీయండి. లైగోడియమ్ ఫ్లెక్సువోసమా, చిన్నాకుల లైగోడియమ్ మైక్రోఫిల్లమా అన్నది అప్పుడు చెప్తాను.